పాత చెక్కతో మంచానికి హెడ్‌బోర్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత తలుపులు, అటక పలకలు, ప్యాకింగ్ చెక్కతో మంచానికి హెడ్‌బోర్డు (తలవైపు నిలబెట్టే పలక) చేసుకుందామనుకునేవాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఈ పనిలో కోయడం, బిగించడం చిన్న భాగమే. సరైన చెక్కను ఎంచుకుని దాన్ని శుభ్రం చేయడంలోనే అసలు శ్రమంతా ఉంది. రాత్రంతా మన ముక్కుకు జానెడు దూరంలో ఉండే వస్తువు ఇది. పెరట్లో బెంచీకి పనికొచ్చే చెక్కంతా దీనికి పనికిరాదు.

## చెక్క ఎంచుకునేటప్పుడు

ఎలాంటి పాత చెక్క అయితే మంచిది?

ఇంటి లోపల వాడిన చెక్క అన్నిటికన్నా మంచిది. తలుపు రెక్కలు, కిటికీ చట్రాలు, అటక పలకలు, వాసాలు, పాత బీరువాలు ఇలాంటివి. ఏళ్ల తరబడి కప్పు కిందే ఉండి ఆరిపోయి ఉంటాయి కాబట్టి మళ్లీ మెలితిరిగే బెడద తక్కువ. టేకు దొరికితే వదలొద్దు. దానికి పురుగు అంత తొందరగా పట్టదు, తేమ మారినా పెద్దగా ఉబ్బదు, కుంచించుకుపోదు. పైన్ తేలిగ్గా ఉంటుంది, కోయడం సులువు. కాకపోతే మెత్తన, గోటితో నొక్కినా గుంట పడుతుంది. అయినా హెడ్‌బోర్డు మీద వీపు ఆనించడమే తప్ప బరువు మోపేది లేదు కాబట్టి పైన్ కూడా నిక్షేపంగా సరిపోతుంది.

ప్యాలెట్ (సరుకు పేర్చి మోసే చెక్క పీట) చెక్క వాడొచ్చా? దాని మీద ముద్రలకు అర్థం ఏంటి?

వాడొచ్చు, కానీ ముద్ర చూశాకే. దేశాల మధ్య తిరిగే ప్యాలెట్ల మీద ఐఎస్‌పీఎం 15 అనే అంతర్జాతీయ నిబంధన ప్రకారం గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో 'హెచ్‌టీ' అని ఉంటే వేడితో శుద్ధి చేసినట్టు. అంటే చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడిని కనీసం 30 నిమిషాలు పట్టించారన్నమాట. ఇది పనికొస్తుంది. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం. దాన్ని పడకగదిలోకి తేవద్దు.

ముద్ర బాగున్నా ఇంకో సంగతి చూడాలి. ఆ ప్యాలెట్ మీద ఏం మోశారో ముద్ర చెప్పదు. నూనె మరకలు, రసాయనాల వాసన, కారి ఎండిన రంగు మచ్చలు కనిపిస్తే ఎంత బాగున్నా పక్కన పెట్టేయండి. అసలు ముద్రే లేకపోతే, అది ఎక్కడ ఏ పనికి వాడారో మీకు కచ్చితంగా తెలిస్తేనే తీసుకోండి.

రైల్వే స్లీపర్లు, కంచె స్తంభాలు అంత గట్టిగా ఉంటాయి కదా, ఎందుకు వద్దంటారు?

అవి అన్నేళ్లు ఎండావానలకు తట్టుకున్నది వాటికి పట్టించిన రసాయనాల వల్లే. చెక్క స్లీపర్లకు ఎక్కువగా క్రియోసోట్ పట్టిస్తారు. తారు వాసన వస్తుంది, ఎండకు నల్లగా జిడ్డు కారుతుంది, చర్మానికి మంట పుట్టిస్తుంది. ఆకుపచ్చ ఛాయ ఉన్న పాత స్తంభాల్లో రాగి, క్రోమియంతో పాటు ఆర్సెనిక్ కూడా ఉండే అవకాశం ఉంది. సాండింగ్ (గరుకు కాగితంతో రుద్దడం) చేస్తే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఈ చెక్క ముక్కలను పొయ్యిలో కూడా పెట్టకూడదు, పొగ విషమే.

చెక్క మీద పాత పెయింట్ పెచ్చులు భలే అందంగా ఉంది. అలాగే ఉంచేయొచ్చా?

ఆ పెయింట్ ఎప్పటిదో తెలియకపోతే అందులో సీసం ఉందనే అనుకోవాలి. పాతకాలపు పెయింట్లలో రంగు నిలవడానికి, త్వరగా ఆరడానికి సీసం సమ్మేళనాలు కలిపేవారు. సీసం కొద్దిగా ఒంట్లోకి వెళ్లినా పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, గర్భిణులకూ ప్రమాదం. హెడ్‌బోర్డు మీద రోజూ తల రాసుకుంటుంది, చేతులు తగులుతాయి, పెచ్చులు దిండు మీద రాలతాయి. పైన వార్నిష్ కొట్టేస్తే సరిపోతుందనుకోవడం సరికాదు, ఊడే పెచ్చుతో పాటే వార్నిష్ కూడా ఊడొస్తుంది.

టెస్ట్ కిట్లు దొరుకుతాయి. ల్యాబ్‌లో చేయిస్తే ఇంకా నమ్మకం. సీసం ఉందని తేలితే పొడిగా సాండింగ్ చేయడం, మంటతో కాల్చి గీకడం రెండూ చేయొద్దు. ఇలాంటి పని తెలిసినవాళ్లకు ఇచ్చి రసాయనంతో తడిగా తీయించాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం అంత తిప్పలు పడేకంటే వేరే చెక్క వెతుక్కోవడమే మంచిది.

ఎంత చెక్క తెచ్చుకోవాలి?

5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు అనుకుంటే ముందువైపుకే 12.5 చదరపు అడుగులు కావాలి. పాత చెక్కలో చీలికలు, కుళ్లిన చివర్లు, వంకర ముక్కలు తీసేయాల్సి వస్తుంది కాబట్టి మూడో వంతు ఎక్కువే తెచ్చుకోండి. పలకలను వెనక నుంచి పట్టి ఉంచే బద్దలకు, కాళ్లకు వేరుగా లెక్క వేసుకోవాలి. తర్వాత చాలకపోతే అదే రంగు, అదే మందం ఉన్న ముక్క మళ్లీ దొరకడం కష్టం.

## మేకులు, పురుగులు, తేమ

మేకులన్నీ పీకేశాను. నేరుగా కోసేయొచ్చా?

ఇంకోసారి వెతకండి. తలలు తుప్పుపట్టి ఊడిపోయిన మేకులు లోపలే ఉండిపోతాయి, కంటికి కనపడవు. బలమైన అయస్కాంతాన్ని దారానికి కట్టి పలక మీద నెమ్మదిగా నడిపిస్తే మేకు ఉన్నచోట అటు లాక్కుంటుంది. చిన్న మెటల్ డిటెక్టర్ ఉంటే ఇంకా మేలు. మేకు ఉన్నచోట చుట్టూ నల్లటి మచ్చ కూడా ఉంటుంది, అదొక గుర్తు.

పీకడానికి వీల్లేని మేకును వెనకవైపు నుంచి సన్నటి పంచ్‌తో కొట్టి తల బయటికి తెప్పించి కటింగ్ ప్లయర్‌తో లాగండి. పట్టుకారు కింద చిన్న చెక్క ముక్క పెడితే పలక మీద నొక్కు పడదు. రంపం బ్లేడుకు మేకు తగిలితే పళ్లు పోతాయి. అంతకన్నా పెద్ద ప్రమాదం, ముక్క ఎగిరి కంట్లో పడొచ్చు. రక్షణ కళ్లద్దాలు లేకుండా పాత చెక్కను కోయొద్దు.

చెక్క నిండా సన్నటి రంధ్రాలున్నాయి. పురుగు ఇంకా బతికే ఉందా?

రంధ్రాలు ఉన్నంత మాత్రాన పురుగు ఉన్నట్టు కాదు, అది ఎప్పుడో ఎగిరిపోయి ఉండొచ్చు. తెలుసుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. పలకను సుత్తితో తట్టి పాత పొడి అంతా దులిపేయండి. నల్ల కాగితం మీద దాన్ని ఆనించి రెండు మూడు వారాలు కదపకుండా ఉంచండి. కాగితం మీద లేతరంగు మెత్తటి పిండి మళ్లీ కనిపిస్తే లోపల పురుగు తింటున్నట్టే. కానీ పిండి పడకపోతే పురుగు లేదని గట్టిగా చెప్పలేం, కొన్ని పురుగులు నెలల తరబడి ఏమీ బయటపెట్టవు. పిండికి బదులు గసగసాల్లాంటి గట్టి పలుకులు రాలితే అవి చెక్కలోనే కాపురముండే చెదల రెట్టలు.

నమ్మకమైన మందు వేడి. చెక్కను ఎండబెట్టే బట్టీలో మధ్యభాగం దాకా 56 డిగ్రీలకు తెచ్చి అరగంట ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. ఎండలో పెడితే పై పొర వేడెక్కుతుంది కానీ లోపలికి ఆ వేడి చేరుతుందని నమ్మలేం. బోరేట్ (బోరాన్ లవణం) ద్రావణం పూయడం ఇంకో మార్గం. అయితే అది పెయింట్, పాలిష్ లేని చెక్కలోకే ఇంకుతుంది. లోతుగా ఉన్న పురుగును వెంటనే చంపదు కానీ బయటికి వచ్చేదాన్ని, కొత్తగా గుడ్లు పెట్టేదాన్ని ఆపుతుంది. వేలితో నొక్కితే పొడైపోయే పలకకు ఏ మందూ పనిచేయదు, దాన్ని వదిలేయండి.

పాత మంచం పట్టెలు దొరికాయి. నల్లుల సంగతేంటి?

ఆ భయం న్యాయమైనదే. నల్లులు పడకల దగ్గరే ఉంటాయి కాబట్టి పాత మంచాల చెక్కను ఇంట్లోకి తెచ్చే ముందే బయట టార్చి వేసి చూడాలి. కీళ్లు, చీలికలు, స్క్రూ రంధ్రాల్లో సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు, పల్చటి పొట్టు, తెల్లటి గుడ్లు కనిపిస్తే ఉన్నట్టే. స్టీమర్‌తో ప్రతి సందులోకీ నెమ్మదిగా ఆవిరి పట్టించి బాగా ఆరనివ్వండి. బాగా పట్టిపోయిన చెక్క అయితే ఇంటి గడప దాటనివ్వొద్దు.

చెక్క ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది?

తేమ మీటర్ ఉంటే గుచ్చి చూడండి. ఇంటి లోపలి ఫర్నిచర్‌కు 8 నుంచి 12 శాతం మధ్య ఉంటే మంచిది, గాలిలో తేమ ఎక్కువుండే చోట కాస్త అటూ ఇటూ అవుతుంది. మీటర్ లేకపోతే తూకంతో చెప్పొచ్చు. ఒక పలకను తూచి బరువు దాని మీదే పెన్సిల్‌తో రాయండి. మూడు నాలుగు రోజులకోసారి మళ్లీ తూచండి. బరువు తగ్గడం ఆగిపోయిందంటే ఆ గదిలోని తేమకు చెక్క సర్దుకున్నట్టు.

పలకల మధ్య ఒకే మందం ఉన్న పుల్లలు పెట్టి, గాలి ఆడేలా దొంతరగా పేర్చండి. పుల్లలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఒకే వరుసలో ఉండాలి, లేకపోతే పలకలు వంగుతాయి. మంచం ఉండే గదిలోనే కనీసం రెండు వారాలు ఉంచితే మంచిది. తొందరపడి తడి చెక్కతో కట్టిన హెడ్‌బోర్డులే తర్వాత విచ్చుకుంటాయి.

నీళ్లతో కడగొచ్చా?

నానబెట్టొద్దు. ముందు పొడి బ్రష్‌తో మట్టి, సాలెగూళ్లు దులిపి, కొద్దిగా సబ్బు నీళ్లలో ముంచి పిండిన బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. ఇనుప తీగ బ్రష్ వాడితే తెగిన పోగులు చెక్కలో ఇరుక్కుని తర్వాత తుప్పు మచ్చలవుతాయి. ఇత్తడి లేదా నైలాన్ బ్రష్ నయం.

మేకుల చుట్టూ నల్ల మరకలు సాండింగ్‌తో పోవడం లేదు.

చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిసి అయిన మరక అది. లోతుగా ఇంకి ఉంటుంది కాబట్టి గీకితే పోదు. ఆక్సాలిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పూస్తే తేలికపడుతుంది, తర్వాత మంచినీళ్లతో బాగా తుడవాలి. అది విషం. చేతి తొడుగులు వేసుకోండి, బ్లీచ్‌తో కలపొద్దు, ఆరాక తెల్లటి పొడి మిగిలితే పొడిగా రాపిడి చేయకుండా తడిగుడ్డతో తీయండి. నన్నడిగితే ఆ మరకలు ఉంచేస్తాను. పాత చెక్క అని చెప్పేవి అవే కదా.

ఎంతవరకు సాండింగ్ చేయాలి?

ఇక్కడ చెయ్యి ఆపుకోవడం రావాలి. ఏళ్ల తరబడి వచ్చిన రంగు చాలా పల్చటి పైపొరలోనే ఉంటుంది. మెషిన్ పెట్టి ఒక మిల్లీమీటరు తీశారంటే కింద నుంచి కొత్త చెక్క బయటపడుతుంది, ఇంత కష్టపడి పాత చెక్క తెచ్చిన ఫలితం పోతుంది. చిత్రిక పట్టినా అంతే. 80 నంబరు గరుకు కాగితంతో పేళ్లు పోయేదాకా, తర్వాత 120, చివర్లో 180 చాలు. రంపపు గీతలు, చిన్న గుంటలు ఉండనివ్వండి.

తల, చెయ్యి తగిలే చోట మాత్రం రాజీ పడొద్దు. చేతికి పాత నైలాన్ సాక్సు తొడుక్కుని పలక మీద నిలువుగా, అడ్డంగా రాయండి. పేడు ఉన్నచోట దారం పట్టుకుంటుంది, ఆ చోటును ఇంకొంచెం రుద్దండి. పై అంచు పదును పోయేలా గుండ్రంగా తీయండి. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపులో చేర్చింది. కాబట్టి ఎన్95 మాస్కు పెట్టుకుని ఆరుబయట చేయండి.

## కొలతలు, డిజైన్

ఎంత వెడల్పు, ఎంత ఎత్తు పెట్టాలి?

ముందు పరుపును కాదు, మంచం చట్రాన్ని కొలవండి. చట్రం కన్నా అటూ ఇటూ ఒకటి రెండు అంగుళాలు ఎక్కువుంటే చూడ్డానికి నిండుగా ఉంటుంది. ఎత్తుకు లెక్క వేరు. పరుపు వేసి, దాని మీద మీరు ఎప్పుడూ కూర్చునేలా గోడకు ఆనుకుని కూర్చోండి. భుజాల ఎత్తులో గోడ మీద గుర్తు పెట్టించండి. హెడ్‌బోర్డు పై అంచు ఆ గుర్తు దాటాలి. మామూలుగా పరుపు మీద 20 నుంచి 24 అంగుళాలు వస్తుంది. కింద పరుపు వెనక దాగే భాగంలో కనీసం ఒక పలక ఉండాలి, లేకపోతే దిండు సందులోకి జారిపోతుంది.

పలకలు అడ్డంగా పెట్టాలా, నిలువుగానా?

మీ దగ్గరున్న ముక్కల పొడవే చెప్తుంది. పొడుగు పలకలుంటే అడ్డంగా, పొట్టి ముక్కలే ఎక్కువుంటే నిలువుగా. అడ్డంగా పెడితే మంచం వెడల్పుగా, నిలువుగా పెడితే గది ఎత్తుగా కనిపిస్తుంది.

పాత తలుపునే పడుకోబెట్టి హెడ్‌బోర్డుగా పెట్టేయొచ్చా?

పెద్ద మంచానికి ఇది చక్కటి ఆలోచన. తలుపు పొడవు సాధారణంగా ఆరున్నర, ఏడు అడుగులు ఉంటుంది కాబట్టి ఆరడుగుల మంచానికి అటూ ఇటూ కొంచెం మిగులుతుంది. బందులు, గడియ తీసేసి ఆ పల్లాల్లో అదే రకం చెక్క ముక్క కోసి కూర్చండి. చెక్కడం బాగా ఉబ్బెత్తుగా ఉంటే వీపుకు గుచ్చుకుంటుందేమో ఆనుకుని చూసుకోండి. బరువు కూడా గమనించాలి. ఒక అంగుళం మందం, 5 అడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తున్న టేకు పలకల బరువే 19 కిలోల దాకా ఉంటుంది. నిండు టేకు తలుపు ఇంకా ఎక్కువే తూగుతుంది, ఇద్దరు లేనిదే ఎత్తొద్దు.

## కట్టేటప్పుడు

పలకలు ఒక్కోటి ఒక్కో మందంలో ఉన్నాయి. ఏం చేయాలి?

ముందువైపును నేల మీద బోర్లించి పేర్చండి. అప్పుడు తేడా అంతా వెనకవైపుకు వస్తుంది. వెనక బద్దకూ పల్చటి పలకకూ మధ్య మిగిలిన సందులో సన్న చెక్క ముక్కలు పెట్టి సరిచేయొచ్చు. కావాలనే ఎగుడుదిగుడుగా ఉంచడం కూడా బాగుంటుంది, కానీ వీపు ఆనించే చోట కాదు.

బిగించే ముందు పలకలన్నీ వెల్లకిలా పేర్చి ఫోన్‌లో ఫోటో తీసి చూడండి. ముదురు పలకలు ఒకవైపే గుంపుగా పడ్డాయో లేదో కంటికన్నా ఫోటోలో బాగా తెలుస్తుంది.

స్క్రూలు ఎందుకు, మొత్తం జిగురుతో అతికించేస్తే పోదా?

పలకలకు అడ్డంగా పెట్టే వెనక బద్దకు జిగురు పెట్టొద్దు. చెక్క పొడవులో దాదాపు మారదు. వెడల్పులో మాత్రం తేమతో పాటు ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఆరంగుళాల పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య ఒక మిల్లీమీటరు మారినా, వరుసగా అయిదు పలకలకు అర సెంటీమీటరు అవుతుంది. జిగురు ఆ కదలికను ఆపితే పలకే చీలుతుంది.

అందుకే వెనక మూడు నిలువు బద్దలు పెట్టి, పలక మధ్యలో ఒక స్క్రూ గట్టిగా, దాని పైనా కిందా వేసేవాటికి పొడవాటి రంధ్రం తీసి వాషర్‌తో బిగించండి. పలకకూ పలకకూ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదలండి. అంగుళం పలక, అంగుళం బద్ద అయితే ఒకటిన్నర అంగుళాల స్క్రూ సరిపోతుంది, ముందుకు పొడుచుకురాదు.

స్క్రూ వేస్తుంటే చెక్క చీలుతోంది.

పాత చెక్క బాగా ఎండి పెళుసుగా ఉంటుంది. స్క్రూ కన్నా సన్నటి బిట్‌తో ముందే రంధ్రం వేయాలి. 4 మిల్లీమీటర్ల స్క్రూకు గట్టి చెక్కలో 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. చివరి నుంచి కనీసం అంగుళంన్నర లోపలికి వేయండి. స్క్రూ మరలకు కాస్త మైనం రాస్తే సాఫీగా దిగుతుంది.

టేకుకు జిగురు పట్టడం లేదు, ఎందుకు?

టేకులో సహజంగా ఉండే నూనె అడ్డుపడుతుంది. అతికించే ముఖాన్ని అప్పుడే కొంచెం రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, అది ఆవిరవ్వగానే జిగురు పెట్టి క్లాంపు వేయండి. ఆలస్యం చేస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది.

## పాలిష్

ఏ పాలిష్ వేస్తే మంచిది?

నా ఓటు నీటితో కలిపే పాలీయురేథేన్ అనే పారదర్శక పూతకే. వాసన తక్కువ, పసుపు తిరగదు, తలనూనె మరకలు తడిగుడ్డతో పోతాయి. మెరుపు లేని మ్యాట్ రకం అయితే పాత చెక్క అందం చెడదు. పల్చగా మూడు పూతలు వేసి, పూతకూ పూతకూ మధ్య 220 కాగితంతో మెత్తగా రుద్దండి. వెనకవైపు కూడా పూయాలి. ఒక్క ముందువైపే పూస్తే వెనక నుంచి తేమ పీల్చి పలక వంగుతుంది.

మైనం ఒక్కటే రాస్తే చేతికి హాయిగా ఉంటుంది కానీ తల ఆనే చోట నల్లబడుతుంది.

అవిసె నూనె రాస్తే సహజంగా ఉంటుంది కదా?

బాగుంటుంది, రంగు లోతుగా వస్తుంది. కానీ ఆరడానికి రోజులు పడుతుంది. అసలు జాగ్రత్త గుడ్డల దగ్గర. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డను ఉండచుట్టి మూలకు పడేస్తే ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకుంటుంది. ఇళ్లు కాలిన సందర్భాలున్నాయి. పని అవగానే గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరిచి గట్టిపడేదాకా ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన మూత డబ్బాలో వేయండి.

పాత చెక్కకు పట్టిన ముక్కిన వాసన పోవడం లేదు.

బాగా ఆరాక లక్క పాలిష్ ఒక పూత వేస్తే వాసన లోపలే ఆగిపోతుంది. దాని మీద పాలీయురేథేన్ వేయాలనుకుంటే మైనం తీసిన లక్క వాడాలి, లేకపోతే పట్టదు. అయితే ముక్కిన వాసనకు ఇది సరే కానీ, రసాయనాల వాసన వస్తే దాన్ని కప్పిపెట్టే ప్రయత్నం చేయొద్దు.

వేసిన రోజే మంచానికి బిగించొచ్చా?

ముట్టుకుంటే ఆరినట్టుంటుంది కానీ నీటి పాలీయురేథేన్ పూర్తిగా గట్టిపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా గాలి ఆడే వేరే గదిలో ఉంచండి.

## బిగించేటప్పుడు, ఆ తర్వాత

గోడకు బిగించాలా, మంచానికా?

మంచం చట్రానికి తలవైపు రంధ్రాలుంటే దానికే బిగించండి. 8 మిల్లీమీటర్ల బోల్టులు, వెడల్పు వాషర్లు, వదులవని నైలాన్ నట్లు వాడండి. స్క్రూలైతే ఊగి ఊగి రంధ్రం పెద్దదైపోతుంది.

గోడకైతే జంట పట్టీలు మంచి పద్ధతి. నాలుగంగుళాల పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలుతో రెండుగా కోయండి. ఒకటి గోడకు, వాలు గోడవైపు దిగేలా బిగించాలి. రెండోది హెడ్‌బోర్డు వెనక తలకిందులుగా బిగిస్తే, ఎత్తి పెట్టగానే ఒకదానిలో ఒకటి కూర్చుంటుంది. కింద కూడా అదే మందం ముక్క పెట్టకపోతే హెడ్‌బోర్డు వాలుతుంది. ఇటుక గోడకు ప్లగ్గులు వేసి, పూత దాటి ఇటుకలోకి దిగే స్క్రూలు వాడండి. స్విచ్చులకు నేరుగా పైనా కిందా, పక్కలా వైర్లు ఉంటాయి, అక్కడ డ్రిల్ పెట్టొద్దు.

అద్దె ఇల్లు, గోడకు రంధ్రాలు వేయకూడదు. ఎలా?

నేల దాకా వచ్చే రెండు కాళ్లు పెట్టి వాటికే పలకలు బిగించండి. కాళ్లను మంచానికి బోల్టు చేయండి. మంచానికి రంధ్రాలు లేకపోతే వేయించండి. ఊరికే మంచానికీ గోడకూ మధ్య నిలబెట్టొద్దు, మంచం కాస్త జరిగిందంటే బరువంతా తల మీదకే వస్తుంది.

పక్కకు తిరిగినప్పుడల్లా కిర్రుమంటోంది.

రెండు చెక్కలు రాసుకుంటున్నాయి, లేదా బోల్టు వదులైంది. ముందు బోల్టులు బిగించండి. ఇంకా వస్తే హెడ్‌బోర్డుకూ చట్రానికీ మధ్య ఫెల్ట్ (మందపాటి మెత్తటి గుడ్డ) ముక్క పెట్టండి, చెక్క మీద చెక్క ఆనే చోట మైనం రుద్దండి. గోడకు తగిలి టకటక మంటుంటే వెనక నాలుగు మూలలా ఫెల్ట్ అతికించండి. మొదటి ఏడాది రుతువు మారినప్పుడల్లా బోల్టులు ఒకసారి చూసుకోవాలి, చెక్క తగ్గినప్పుడు అవి వదులవుతాయి.

తల ఆనే చోట నల్లటి జిడ్డు మరక వచ్చింది.

పిండిన గుడ్డకు రెండు చుక్కల సబ్బు వేసి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చండి. పోకపోతే పూత అరిగి నూనె చెక్కలోకి దిగిందన్నమాట. ఆ పలక వరకు 220 కాగితంతో మెత్తగా రుద్ది కొత్త పూత వేయండి. ఒక్క ముక్కలా కనపడకుండా ఉండాలంటే మరక మేరకే కాకుండా పలక ఈ చివర నుంచి ఆ చివర దాకా పూయండి.